సస్పెన్షన్ వేలాట

సస్పెన్షన్ వేలాట అనగా వాహనపు బాడీని జాకీతో పైకి ఎత్తినపుడు, ఇరుసు మరియు చక్రాలు దానితో పాటు వెంటనే లేవకుండా, స్ప్రింగులు సాగినంత మేర కిందికి వేలాడి నేలను అంటిపెట్టుకొని ఉండుట. వాహన మెకానిక్కులు దీనిని డ్రూప్ అని వ్యవహరిస్తారు. రోడ్డుపై నడిచే చిన్న కార్లలో ఇది పెద్ద సమస్య కాదు. కానీ రాళ్ళు, గుంటలు, ఇసుక, బురద ఉన్న దారులలో నడపడానికి తయారైన జీపు వంటి వాహనాలలో సస్పెన్షన్ కదలిక ఎక్కువగా ఉంటుంది. అందువలన అటువంటి వాహనాన్ని బంపరు వద్ద గాని, ఛాసిస్ వద్ద గాని జాకీ పెట్టి ఎత్తితే, చక్రం నేలను వదిలే సమయానికి బాడీ ప్రమాదకరమైన ఎత్తుకు చేరుతుంది.

ఈ ఎత్తును తగ్గించడానికి ఉన్న మార్గాలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది జాకీని నేరుగా ఇరుసు కింద పెట్టుట. అది వీలుకానపుడు రెండవది, ఎత్తడానికి ముందే ఇరుసును బెల్టుతో గాని, గొలుసుతో గాని ఛాసిస్‌కు కట్టివేయుట. ఇలా కట్టిన తరువాత బాడీ లేచినపుడు ఇరుసు కూడా దానితో పాటే లేస్తుంది. దీని వలన జాకీని ఎత్తవలసిన దూరం దాదాపు సగానికి తగ్గుతుంది. అయితే స్ప్రింగులలోని బలం అప్పుడు ఆ బెల్టు మీద నిలుస్తుంది కావున దీనిని తగిన జాగ్రత్తలతో మాత్రమే చేయాలి.

సస్పెన్షన్ నిర్మాణం

వాహనపు బరువును రెండు భాగాలుగా భావించవచ్చు. స్ప్రింగుల పైన ఉండే బాడీ, ఛాసిస్, ఇంజను, ప్రయాణికులు, సామాను ఒక భాగం. స్ప్రింగుల కింద ఉండే ఇరుసు, డిఫరెన్షియల్, బ్రేకులు, చక్రాలు రెండవ భాగం. ఈ రెండు భాగాలను కలిపేవి కమాను పట్టీలు గాని, చుట్ట స్ప్రింగులు గాని అయి ఉంటాయి. కొన్ని వాహనాలలో వీటికి బదులు గాలి సంచులు లేదా టార్షన్ బార్లు ఉంటాయి.

వాహనం నేలపై నిలిచి ఉన్నపుడు పై భాగపు బరువు వలన స్ప్రింగులు కొంత కుంగి ఉంటాయి. చక్రం గుట్ట ఎక్కినపుడు స్ప్రింగు మరింత కుంగుతుంది. గుంటలో దిగినపుడు సాగుతుంది. కుంగే దూరానికి రబ్బరుతో చేసిన బంప్ స్టాపు హద్దుగా ఉంటుంది. సాగే దూరానికి చాలా వాహనాలలో షాక్ అబ్జార్బరు పొడవే హద్దు. సస్పెన్షన్ వేలాట అనేది ఈ సాగే దూరానికి సంబంధించినది. బంప్ స్టాపుకు దీనితో సంబంధం లేదు. ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య చెక్క దిమ్మను దూర్చితే అది కుంగుటను ఆపుతుంది గాని వేలాటను ఆపదు. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడుట సాధారణం.

ఎగుడుదిగుడు నేలపై నాలుగు చక్రాలూ నేలకు ఆని ఉంటేనే వాహనం ముందుకు సాగగలదు. కావున ఇటువంటి వాహనాల రూపకర్తలు చక్రం బాగా కిందికి దిగేలా సస్పెన్షన్‌ను అమర్చుతారు. నడిచేటపుడు ఎంతో ఉపయోగపడే ఈ గుణమే, టైరు మార్చవలసి వచ్చినపుడు గాని, బురదలో దిగబడిన చక్రం కింద రాళ్ళు పేర్చవలసి వచ్చినపుడు గాని ఇబ్బందిగా మారుతుంది.

వేలాట ఏర్పడే విధానం

జాకీని బంపరు కింద పెట్టి ఎత్తడం మొదలుపెట్టినపుడు మొదట లేచేది బాడీ మాత్రమే. బాడీ బరువు కొద్దికొద్దిగా స్ప్రింగుల నుండి జాకీ మీదికి మారుతుంది. బరువు తగ్గిన స్ప్రింగు సాగుతూ ఇరుసును కిందికి నెడుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగిన తరువాత మాత్రమే ఇరుసు పైకి లాగబడుతుంది.

అప్పటికి కూడా చక్రం నేలను వదలదు. బరువు కింద నొక్కుకుపోయి ఉన్న టైరు తన గుండ్రని ఆకారానికి తిరిగి రావడానికి మరి కొంత ఎత్తు కావాలి. ఆ తరువాతే టైరుకు, నేలకు మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఈ విధంగా జాకీ ఎత్తే దూరం మూడు భాగాలుగా ఖర్చవుతుంది: స్ప్రింగు సాగుదల, టైరు నొక్కుడు, పనికి కావలసిన ఖాళీ. వీటిలో చివరిది మాత్రమే మనకు అవసరమైనది. టైరు నొక్కుడును తప్పించలేము. తగ్గించగలిగినది స్ప్రింగు సాగుదల ఒక్కటే.

వీటికి తోడు జాకీ పెట్టే చోటు వలన మరొక నష్టం ఉంది. వెనుక బంపరు ఇరుసు కన్నా వెనుకగా ఉంటుంది. వాహనం వెనుక భాగం లేచినపుడు అది ముందు చక్రాలను ఆధారంగా చేసుకొని తిరుగుతుంది. కావున ఇరుసు వద్ద కావలసిన ఎత్తు కన్నా బంపరు వద్ద ఎక్కువ ఎత్తవలసి వస్తుంది.

ఉదాహరణ లెక్క

విషయం స్పష్టంగా అర్థమగుటకు ఒక ఊహా వాహనాన్ని తీసుకొనవచ్చు. ఈ అంకెలు ఏ ఒక్క మోడలుకూ చెందినవి కావు గాని, చుట్ట స్ప్రింగులు గల మధ్యరకం వాహనానికి దగ్గరగా ఉంటాయి.

- వాహనం మొత్తం బరువు 2,000 కిలోలు. వెనుక చక్రాలపై పడే బరువు 1,000 కిలోలు.
- వెనుక ఇరుసు, చక్రాల సొంత బరువు 200 కిలోలు. కావున రెండు వెనుక స్ప్రింగులపై 800 కిలోలు, ఒక్కొక్క దానిపై 400 కిలోలు.
- స్ప్రింగును 1 సెం.మీ. కుదించడానికి కావలసిన బరువు 25 కిలోలు.
- షాక్ అబ్జార్బరు అనుమతించే వేలాట 12 సెం.మీ.
- టైరు నొక్కుడు 2 సెం.మీ.
- ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసుకు దూరం 240 సెం.మీ. వెనుక ఇరుసు నుండి బంపరుకు 60 సెం.మీ.

వెనుక బంపరు మధ్యలో జాకీ పెట్టి, టైర్ల కింద 5 సెం.మీ. ఖాళీ వచ్చేలా ఎత్తాలి అనుకొందాం. ఇరుసు వద్ద బాడీ లేవవలసిన ఎత్తు 12 + 2 + 5 = 19 సెం.మీ. బంపరు వద్ద ఇది 300/240 రెట్లు, అనగా సుమారు 24 సెం.మీ. అవుతుంది.

ఇరుసును ఛాసిస్‌కు కట్టి, వేలాటను 3 సెం.మీ. కు పరిమితం చేస్తే ఇరుసు వద్ద కావలసిన ఎత్తు 3 + 2 + 5 = 10 సెం.మీ. బంపరు వద్ద 12.5 సెం.మీ. అనగా జాకీ ఎత్తవలసిన దూరం దాదాపు సగానికి తగ్గింది.

ఈ రెండు సందర్భాలలోనూ వెనుక చక్రాలు నేలను వదిలిన తరువాత జాకీ మోసే బరువు ఒక్కటే. అది 1,000 × 240/300 = 800 కిలోలు. బెల్టు కట్టడం వలన జాకీకి బరువు తగ్గదు, పెరగదు. తగ్గేది ఎత్తు మాత్రమే. అయితే బరువును ఎంత ఎత్తులో నిలబెట్టాము అనేదే స్థిరత్వాన్ని నిర్ణయిస్తుంది కావున ఈ తేడా చాలా విలువైనది.

చరిత్ర

బాడీని ఎత్తే పొడవాటి జాకీలలో ప్రసిద్ధమైనది హై-లిఫ్ట్ జాకీ. ఇది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బ్లూమ్‌ఫీల్డ్ పట్టణంలో 1905 నుండి తయారైంది. దీనిని మొదట రైతులు కంచె స్తంభాలను పీకడానికి, బండ్లను ఎత్తడానికి వాడారు. అందువలన ఈ తరహా జాకీలకు ఫార్మ్ జాకీలు అనే పేరు కూడా ఉంది. నిలువుగా ఉండే ఇనుప కడ్డీకి వరుసగా రంధ్రాలు ఉంటాయి. పిడిని ఆడించినపుడు రెండు మేకులు ఒకదాని తరువాత ఒకటి ఆ రంధ్రాలలో దిగుతూ బరువును మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోతాయి. 48 అంగుళాలు, 60 అంగుళాల పొడవు గల జాకీలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

1941 నుండి రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపుకు, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో విడుదలైన లాండ్ రోవర్‌కు ముందూ వెనుకా కమాను పట్టీలే ఉండేవి. గట్టి కమాను పట్టీలు తక్కువగా సాగుతాయి. పైగా ఈ వాహనాల ఉక్కు బంపర్లు జాకీ పెట్టుటకు అనువుగా ఉండేవి. అందువలన అప్పట్లో ఫార్మ్ జాకీతో చక్రాన్ని లేపుట సులభంగానే ఉండేది. పాత లాండ్ రోవర్లలో వెనుక ఇరుసు మితిమీరి దిగకుండా ఛాసిస్‌కు, ఇరుసుకు మధ్య పట్టీలను ఫ్యాక్టరీలోనే అమర్చేవారు.

1970లో విడుదలైన రేంజ్ రోవర్ నాలుగు చక్రాలకూ ఎక్కువ కదలిక గల చుట్ట స్ప్రింగులతో వచ్చింది. ఎగుడుదిగుడు దారిలో దాని నడక ఎంతో మెరుగుగా ఉండడంతో ఇతర కంపెనీలూ అదే దారి పట్టాయి. లాండ్ రోవర్ 110 మోడలు 1983లో, 90 మోడలు 1984లో చుట్ట స్ప్రింగులకు మారాయి. ఈ రెండింటికి 1990లో డిఫెండర్ అనే పేరు వచ్చింది. టయోటా లాండ్ క్రూయిజర్ 80 శ్రేణి 1990లో ఇదే మార్పు చేసింది. చుట్ట స్ప్రింగుల రాకతో చక్రం కదలిక పెరిగింది. దానితో పాటు జాకీ ఎత్తవలసిన ఎత్తు కూడా పెరిగింది. తరువాతి కాలంలో ఔత్సాహికులు మరింత పొడవైన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వేసి వాహనాన్ని ఎత్తు చేయడం మొదలుపెట్టడంతో ఈ సమస్య ఇంకా తీవ్రమైంది.

ఎక్కువ ఎత్తు వలన ప్రమాదాలు

ఫార్మ్ జాకీ అడుగు పలక సుమారు 10 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. పొడవు మాత్రమే ఉంటుంది. పై ఉదాహరణలోని 800 కిలోల బరువును ఈ చిన్న పలక నేలకు చేరవేయాలి. అనగా ప్రతి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. మెత్తని మట్టిలో, ఇసుకలో పలక దిగబడుతుంది. దిగబడుట అన్ని వైపులా సమానంగా ఉండదు కావున జాకీ ఒక వైపుకు ఒరుగుతుంది.

జాకీ ఎంత ఎత్తులో ఉంటే, అదే ఒరుగుదలకు పైభాగం పక్కకు జరిగే దూరం అంత ఎక్కువ. ఒక నిచ్చెన కొంచెం వంగినపుడు కింది మెట్టు కన్నా పై మెట్టు ఎక్కువ జరిగినట్లే ఇదీ జరుగుతుంది. వాహనం వంపు కూడా ఎత్తుతో పాటు పెరుగుతుంది. పై ఉదాహరణలో బంపరు 24 సెం.మీ. లేస్తే వాహనం ముందుకు సుమారు 4.6 డిగ్రీలు వంగుతుంది. 12.5 సెం.మీ. లేస్తే 2.4 డిగ్రీలు మాత్రమే వంగుతుంది. వాహనం ముందుకు కదలజూచే బలం కూడా అదే నిష్పత్తిలో సగానికి తగ్గుతుంది. ఒక మూలను మాత్రమే ఎత్తినపుడు వంపు పక్కకు కూడా ఉంటుంది కావున జాకీ జారే అవకాశం ఇంకా హెచ్చు.

బ్రేకుల విషయంలో మరొక ప్రమాదం దాగి ఉంది. పాత లాండ్ రోవర్, డిఫెండర్ వంటి వాహనాలలో హ్యాండ్ బ్రేకు చక్రాలపై కాక, గేరు పెట్టె వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుపై పనిచేస్తుంది. ఒక వెనుక చక్రం గాలిలో లేచినపుడు డిఫరెన్షియల్ వలన ఆ చక్రం ఒక దిశలో, నేలపై ఉన్న చక్రం వ్యతిరేక దిశలో తిరగగలవు. షాఫ్టు కదలకుండానే వాహనం దొర్లుతుంది. గేరులో ఉంచి నిలిపిన వాహనాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇరుసును కట్టివేసినపుడు చక్రం త్వరగా నేలను వదులుతుంది కావున ఈ ప్రమాదం కూడా త్వరగానే ఎదురవుతుంది. అందుచేత జాకీని తాకడానికి ముందే నేలపై ఉండబోయే చక్రాలకు రెండు వైపులా రాళ్ళు గాని, చెక్క దిమ్మలు గాని అడ్డు పెట్టుట తప్పనిసరి.

వేలాటను తగ్గించే పద్ధతులు

ఇరుసు కింద జాకీ

జాకీని నేరుగా ఇరుసు కింద పెడితే వేలాట సమస్యే ఉండదు. స్ప్రింగు ఉన్న స్థితిలోనే ఉంటుంది. చక్రం లేవడానికి టైరు నొక్కుడు, కావలసిన ఖాళీ కలిపినంత ఎత్తు చాలు. పై ఉదాహరణలో అది 7 సెం.మీ. మాత్రమే. కావున గట్టి ఇరుసు గల వాహనానికి టైరు మార్చవలసి వచ్చినపుడు హైడ్రాలిక్ బాటిల్ జాకీని ఇరుసు గొట్టం కింద, స్ప్రింగుకు దగ్గరగా పెట్టుట అన్నిటికన్నా మంచి పద్ధతి. డిఫరెన్షియల్ పెట్టె పలుచని మూత కింద జాకీ పెట్టరాదు.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా సాధ్యం కాదు. టైరులో గాలి పూర్తిగా పోయినపుడు ఇరుసు నేలకు బాగా దగ్గరవుతుంది. జాకీ దూరే చోటు ఉండదు. వాహనం బురదలో దిగబడినపుడు ఇరుసు మట్టిలోనే కూరుకొని ఉంటుంది. అటువంటి చోట బంపరు లేదా ఛాసిస్ మాత్రమే అందుబాటులో ఉంటాయి.

చక్రాన్నే ఎత్తుట

ఫార్మ్ జాకీకి తగిలించే రెండు కొక్కేలు గల పరికరం ఒకటి ఉంది. ఆ కొక్కేలను చక్రపు రిమ్ము రంధ్రాలలో తగిలించి ఎత్తితే చక్రం నేరుగా పైకి వస్తుంది. వేలాట ప్రసక్తి ఉండదు. దిగబడిన చక్రం కింద రాళ్ళు, పలకలు పేర్చడానికి ఇది చాలా అనువైనది. కానీ కొక్కేలు తగిలించిన చక్రాన్ని విప్పలేము కావున టైరు మార్చడానికి ఇది పనికిరాదు. రంధ్రాలు లేని రిమ్ములకు, సున్నితమైన అల్లాయ్ రిమ్ములకు కూడా సరిపోదు.

ఇరుసును ఛాసిస్‌కు కట్టుట

పై రెండు పద్ధతులూ వీలుకానపుడు ఇరుసును ఛాసిస్‌కు కట్టివేస్తారు. దీనికి లారీలలో సరుకు బిగించే రాచెట్ బెల్టు, గొలుసు లేదా ఉక్కు తాడు వాడవచ్చు. సాగే గుణం గల తాడు పనికిరాదు. వాహనాలను బురద నుండి లాగడానికి వాడే నైలాన్ తాళ్ళు కావాలనే సాగేటట్లు తయారు చేయబడతాయి. వాటితో కడితే అవి సాగి వేలాటను తిరిగి అనుమతిస్తాయి. పైగా సాగిన తాడు తెగితే కొరడాలా దెబ్బ తీస్తుంది.

శాశ్వత పరిమితి పట్టీలు

ఎడారి పందేలలో పాల్గొనే వాహనాలకు, సస్పెన్షన్ మార్చిన వాహనాలకు పలు పొరల నైలాన్ పట్టీలను శాశ్వతంగా బిగిస్తారు. వీటి పని వేరు. చక్రం గాలిలోకి లేచినపుడు షాక్ అబ్జార్బరు తన చివరి హద్దుకు తగిలి చెడిపోకుండా, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళు మితిమీరి వంగకుండా, బ్రేకు గొట్టాలు తెగకుండా ఇవి కాపాడుతాయి. నడకలో కావలసిన వేలాటను ఇవి అనుమతిస్తాయి. కావున జాకీ ఎత్తినపుడు వీటి వలన కలిగే లాభం తక్కువే.

ఇరుసును కట్టే విధానం

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, కట్టుట ఎత్తడానికి ముందే పూర్తి కావాలి. నాలుగు చక్రాలూ నేలపై ఉన్నపుడే వాహనం కిందికి చేయి పెట్టాలి. జాకీ ఎత్తిన తరువాత బెల్టు గుర్తుకు వస్తే వాహనాన్ని తిరిగి దించి కట్టాలే గాని, జాకీపై నిలిచిన వాహనం కిందికి దూరరాదు.

1. వాహనాన్ని వీలైనంత సమంగా, గట్టిగా ఉన్న నేలపై నిలిపి ఇంజను ఆపాలి. ప్రయాణికులను దించి దూరంగా నిలబెట్టాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచాలి. నాలుగు చక్రాల నడకను, మధ్య డిఫరెన్షియల్ లాకును కలిపే వీలుంటే కలపాలి.
2. ఎత్తని చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి.
3. టైరు మార్చవలసి ఉంటే చక్రపు నట్లను ఇప్పుడే కొద్దిగా వదులు చేయాలి. గాలిలో ఉన్న చక్రపు నట్లను బలంగా తిప్పితే వాహనం జాకీపై ఊగుతుంది.
4. బెల్టును ఇరుసు గొట్టం చుట్టూ, స్ప్రింగుకు దగ్గరగా తిప్పి ఛాసిస్ దూలం మీదుగా తేవాలి. బ్రేకు పైపు, బ్రేకు హోసు, సెన్సారు తీగ, సైలెన్సరు, ప్రొపెల్లర్ షాఫ్టు బెల్టు కింద నలగకుండా చూడాలి.
5. ఛాసిస్ అంచులు పదునుగా ఉంటాయి కావున బెల్టు తగిలే చోట మడిచిన గోనె గుడ్డ గాని, పాత ట్యూబు ముక్క గాని ఉంచాలి.
6. వదులు లేకుండా బిగించాలి. ఒక చక్రాన్ని మాత్రమే లేపవలసి ఉంటే ఆ వైపు కడితే చాలు. రెండు చక్రాలనూ లేపవలసి ఉంటే రెండు వైపులా సమానంగా కట్టాలి.
7. జాకీ అడుగు పలక కింద వెడల్పయిన మందపాటి చెక్కను వేసి, నిలువుగా ఉన్నదో లేదో చూసుకొంటూ నెమ్మదిగా ఎత్తాలి. చక్రం నేలను వదలక ముందు ఒకసారి ఆపి బెల్టును, అడ్డు రాళ్ళను దూరం నుండి పరిశీలించాలి.
8. పని ముగిసి, వాహనాన్ని పూర్తిగా దించి, నాలుగు చక్రాలపై బరువు పడిన తరువాతే బెల్టును విప్పాలి.

కొందరు బెల్టును బిగించేటపుడు ఒకరిద్దరిని వెనుక బంపరుపై నిలబెట్టి స్ప్రింగును మరింత కుంగదీస్తారు. దీని వలన బెల్టులోని వదులు పూర్తిగా పోతుంది. కానీ బెల్టుపై పడే భారం కూడా పెరుగుతుంది. పైగా బంపరుపై నిలిచిన వారు కదిలినపుడు వాహనం ఊగుతుంది. వాహనం కింద ఒకరి చేయి ఉన్నపుడు ఇలా చేయుట క్షేమకరం కాదు.

బెల్టుపై పడే భారం

బెల్టు ఇరుసు బరువును మాత్రమే మోస్తుంది అనుకొనుట పొరపాటు. చక్రం గాలిలో ఉన్నపుడు ఇరుసును కిందికి లాగేవి రెండు: ఇరుసు సొంత బరువు, ఇంకా కుంగి ఉన్న స్ప్రింగు తోపు. పై ఉదాహరణలో స్ప్రింగు 3 సెం.మీ. మాత్రమే సాగింది కావున దానిలో 400 - 75 = 325 కిలోల తోపు మిగిలి ఉంటుంది. దీనికి ఇరుసు బరువులో సగం, అనగా 100 కిలోలు కలిపితే ఒక్కొక్క వైపు బెల్టుపై 425 కిలోల భారం పడుతుంది. వదులు ఏమాత్రం లేకుండా కడితే అది 500 కిలోలు అవుతుంది.

ఎంత బిగువుగా కడితే వాహనం అంత తక్కువ ఎత్తులో నిలుస్తుంది. అదే సమయంలో బెల్టులో అంత ఎక్కువ బలం నిలువ ఉంటుంది. ఈ బెల్టు తెగినా, కొక్కెం జారినా ఇరుసు ఒక్కసారిగా కిందికి విసరబడుతుంది. చక్రం లేదా ఉత్త బ్రేకు డ్రమ్ము నేలకు తగిలి, ఆ అదురుకు వాహనం జాకీ మీద నుండి పడిపోవచ్చు. కావున వాడే బెల్టుపై ముద్రించిన పని భారం, లెక్కకు వచ్చిన భారానికి కనీసం రెండు రెట్లు ఉండాలి. చిరుగు, కోత, ఎండకు వెలిసిన గుర్తులు ఉన్న బెల్టును వాడరాదు. చక్రం విప్పి ఉన్నంత సేపు పాదాలను, చేతులను ఇరుసు కింద ఉంచరాదు.

వివిధ వాహనాలలో

భారతదేశంలో వాడుకలో ఉన్న వాహనాలలో వేలాట ఒకే విధంగా ఉండదు. మారుతి జిప్సీ 1985లో విడుదలైంది. దీనికి ముందూ వెనుకా గట్టి ఇరుసులు, కమాను పట్టీలు ఉన్నాయి. గట్టి పట్టీల వలన దీనిలో వేలాట తక్కువ. ఇరుసు కింద జాకీ పెట్టుట కూడా సులభం. 2023లో భారతదేశంలో విడుదలైన మారుతి జిమ్నీకి గట్టి ఇరుసులతో పాటు చుట్ట స్ప్రింగులు ఉన్నాయి.

మహీంద్రా థార్ 2010లో విడుదలైనపుడు వెనుక కమాను పట్టీలు, ముందు టార్షన్ బార్లు ఉండేవి. 2020లో వచ్చిన రెండవ తరం థార్‌కు వెనుక గట్టి ఇరుసుపై చుట్ట స్ప్రింగులు, ముందు విడివిడి సస్పెన్షన్ అమర్చారు. ఇటువంటి వాహనంలో వెనుక ఇరుసుకు ఈ వ్యాసంలోని పద్ధతి వర్తిస్తుంది.

విడివిడి సస్పెన్షన్‌లో రెండు చక్రాలను కలిపే ఇరుసు గొట్టం ఉండదు. ప్రతి చక్రం తన చేయిపై వేరుగా వేలాడుతుంది. బెల్టును ఆ కింది చేయికి కట్టవలసి ఉంటుంది. చుట్టుపక్కల డ్రైవ్ షాఫ్టు, దాని రబ్బరు తొడుగు, స్టీరింగు కడ్డీలు ఉండడం వలన బెల్టుకు చోటు దొరకుట కష్టం. కావున ముందు చక్రాలకు వాహన పుస్తకంలో సూచించిన చోట మాత్రమే జాకీ పెట్టుట మంచిది.

గాలి సస్పెన్షన్ గల వాహనాలలో ఒక చిక్కు ఉంది. బాడీ లేచినపుడు వాహనం ఎత్తు పెరిగింది అని భావించి యంత్రాంగం గాలిని వదిలివేయవచ్చు. లేదా తిరిగి నింపవచ్చు. అందువలన ఇటువంటి వాహనాలలో జాకీ వాడే ముందు ఎత్తు సరిచేసే యంత్రాంగాన్ని ఆపివేయాలి. కొన్నిటిలో ఇందుకోసం ప్రత్యేకమైన జాకీ మోడ్ ఉంటుంది. యంత్రాంగం పనిచేస్తుండగా ఇరుసును కట్టివేయరాదు.

నేటి వాహనాలలో చాలా వాటికి ప్లాస్టిక్ బంపర్లు ఉంటాయి. ఫార్మ్ జాకీ నాలుకను వాటి కింద పెడితే బంపరు పగులుతుంది. వాహనం జారి పడుతుంది. ఉక్కు బంపరు లేదా ఛాసిస్‌కు బిగించిన పక్క దూలాలు ఉన్న వాహనాలకే ఈ జాకీ పనికివస్తుంది.

ఇతర జాగ్రత్తలు

- జాకీ ఎత్తడానికి మాత్రమే. నిలబెట్టడానికి కాదు. చక్రం విప్పిన తరువాత ఛాసిస్ కింద జాకీ స్టాండును, అది లేనిచోట స్టెప్నీ చక్రాన్ని పడుకోబెట్టి ఉంచాలి. వాహనం జారినా పూర్తిగా నేలకు పడకుండా ఇది ఆపుతుంది.
- ఇరుసును కట్టిన వాహనం తక్కువ ఎత్తులో ఉన్నది కదా అని దాని కిందికి దూరరాదు. తక్కువ ఎత్తు వలన పడే అవకాశం తగ్గుతుంది గాని పోదు.
- ఫార్మ్ జాకీని దించేటపుడు బరువు పిడిని బలంగా పైకి తన్నుతుంది. తలను పిడి కదిలే దారికి దూరంగా ఉంచి, పిడిని రెండు చేతులతో పట్టుకోవాలి. దిశ మార్చే మీటను తిప్పే ముందు పిడిని కడ్డీకి ఆనించి ఉంచాలి.
- ఏటవాలు నేలపై, పక్కకు ఒరిగిన వాహనాన్ని ఎత్తుటకు ముందు దానిని మరొక వాహనంతో సమనేలకు లాగే అవకాశం ఉన్నదేమో చూడాలి.
- బెల్టు విప్పడం మరచి వాహనాన్ని నడిపితే చక్రం గుంటలోకి దిగలేదు. వాహనం పట్టు తప్పుతుంది. బెల్టు కొసను తలుపు పిడికి గాని, స్టీరింగుకు గాని కనిపించేటట్లు ఒక గుడ్డ కట్టి గుర్తు పెట్టుకొనుట మంచి అలవాటు.
- మొదటిసారి ఈ పనిని అడవి దారిలో, చీకటిలో చేయరాదు. ఇంటి వద్ద సమనేలపై ఒకసారి చేసి, తన వాహనానికి బెల్టు ఎక్కడ తిరుగుతుందో, ఎంత పొడవు కావాలో, చక్రం లేవడానికి జాకీ ఎన్ని రంధ్రాలు ఎక్కాలో గుర్తించి ఉంచుకోవాలి.

ఇవి కూడా చూడండి

- జాకీ
- షాక్ అబ్జార్బర్
- డిఫరెన్షియల్
- జీపు
- లాండ్ రోవర్
- గరిమనాభి